ఆరిపోని పసుపు లైటు

మా వీధి చివరి గ్యారేజీ ఆమెదే. తండ్రి దగ్గర పని నేర్చుకుంది. అందరూ స్పానరక్క అంటారు. భర్త విడిభాగాల కౌంటర్లో కూర్చుంటాడు.

ఆ మధ్యాహ్నం రెండు దాటాక మరిది తను నడిపే బడివ్యాను తెచ్చి షెడ్డులో పెట్టాడు. స్టీరింగు వెనక ఇంజన్ బొమ్మ పసుపుగా వెలుగుతోంది.

"వదినా, ఆ లైటొక్కటి ఆర్పెయ్. మూడున్నరకి బడి వదులుతారు. రేపు పొగ పరీక్ష కూడా ఉంది."

"ఎవరికైనా చూపించావా?"

"రెండుసార్లు లైటు ఆర్పించాను. సెన్సరూ మార్పించాను. వారం తిరక్కుండా మళ్ళీ వెలుగుతోంది."

ఆమె స్కానర్ తగిలించింది. ఇంజన్‌కి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అందుతున్నాయని అది చూపించింది. ఆమె నమ్మలేదు. ఆ వ్యానులో ఇంజన్ ముందు సీటు కిందే ఉంటుంది. మూత ఎత్తి స్టార్ట్ చేయమంది. టిక్ టిక్ మని సన్నని చప్పుడు. పొగగొట్టం అతుకు దగ్గర కాగితం ముక్క పట్టింది. అది రెపరెపలాడింది.

"అతుకు విడింది. బయటిగాలి ఇందులోంచి దూరుతోంది. పాపం సెన్సరు దాన్నే చూసి చెబుతోంది."

అంతలో మూత అంచు తడిమింది. పొగను లోపలికి రానివ్వని రబ్బరు సగం ఊడిపోయి ఉంది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నీకు తలనొప్పులొస్తున్నాయా?"

"నెల్రోజులుగా. ఎండకి."

"సెలవురోజున వస్తోందా?"

"సెలవురోజునా?... రాదు."

"మరి పిల్లలో?"

"బంగారాలు వదినా. ఇదివరకు టాపు లేపేసేవాళ్ళు. ఈమధ్య ఎక్కగానే నిద్ర..." చెబుతూనే వెనక సీట్ల వైపు తిరిగి చూశాడు.

ఆమె ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుంది.

"ఇలా ఇయ్యి వదినా. ఈ ఒక్క ట్రిప్పూ కిటికీలు తీసి నడుపుతా. బడివాళ్ళకి తెలిస్తే నా నోటిదగ్గర కూడు పోతుంది."

"ఇవ్వను."

"ఎంతైనా పరాయిదానివేగా!"

ఆమె కాపురానికి వచ్చేనాటికి అతనికి ఎనిమిదేళ్ళు. జ్వరమొస్తే ఆమె ఒళ్ళోనే పడుకునేవాడు. ఆమె ముఖం పాలిపోయింది కానీ చెయ్యి జేబులోంచి రాలేదు. భర్త కౌంటర్ దిగివచ్చి, ఇద్దరినీ చూసి, వెళ్ళి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

ఆమె బడికి ఫోన్ చేసింది. ఇంజన్ పొగలోని విషవాయువు వ్యానులోకి వస్తోందని చెప్పగానే అవతల హెడ్మిస్ట్రెస్‌కు పొద్దుటి సంగతి గుర్తొచ్చింది.

"పొద్దున వ్యాను దిగగానే ఒక పాప వాంతి చేసుకుంది. ఏదో పడలేదనుకున్నాం. ఇంకా పడుకునే ఉంది."

"లేపండమ్మా! ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. వ్యానులో వచ్చిన అందరినీ!"

ఆ సాయంత్రం పద్నాలుగు మంది పిల్లలకు పరీక్షలు జరిగాయి. పాపకు ఆక్సిజన్ పెట్టారు. ఎనిమిది గంటలకు అది లేచి, ఆకలేస్తోందని ఏడ్చాక గానీ ఆస్పత్రి వరండాలో స్పానరక్క కూర్చోలేదు.

మరిది ఉద్యోగం పోయింది. నాలుగు నెలలు అన్న గడప తొక్కలేదు. తరువాత సరుకుల బండి నడిపే పని దొరికింది. ఒక ఉదయం గ్యారేజీ ముందు చెప్పులు విడిచి, తల వంచుకుని నిలబడ్డాడు.

"పరాయిదానివన్నాను. ఆ మాట అనకూడదు వదినా."

"అనకూడదు," అందామె. స్టూలు అతని వైపు జరిపింది.