మూగదెబ్బ

మా తోటికోడలంటే నాకు కుళ్ళు. ఇది చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు, ఆమెకీ ఎప్పటినుంచో తెలుసు. ఆ ఇంటికి పెద్దకోడలిని నేను. ఆమె నా తరవాత వచ్చి, అత్త మనసులో నాకంటే ముందు కూర్చుంది. నేను పెట్టిన పులుసుకి వంకలు పెట్టే అత్త, ఆమె మాడ్చిన కూర కూడా కమ్మగా ఉందనేది. ఊళ్ళో ఇందా అనే బజారుకి వెళితే ఆమె కొట్టువాళ్ళతో బెంగాలీలోనే బేరమాడి నవనవలాడే చేప తెచ్చేది. అదే కొట్టుకి నేను వెళితే కళ్ళు తేలేసిన చేప అంటగట్టి పంపేవారు.

అప్పట్లో మావి ఆ బెంగాలీ ఊళ్ళో, రైల్వేవాళ్ళ న్యూ సెటిల్‌మెంట్‌లో పక్కపక్క క్వార్టర్లు. మా మామ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో చేరి, కొడుకులిద్దరినీ అందులోనే పెట్టి కన్నుమూశాడు. అన్నదమ్ములిద్దరిదీ వర్క్‌షాప్‌లో ఒకే గ్యాంగు. అత్త చిన్నకొడుకు ఇంట్లోనే ఉండేది. ఎందుకని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు పొద్దున వ్యాగను చక్రాలు ఎత్తుతుంటే గొలుసు జారి, ఓ ఇనుప బారు ఊగి వచ్చి అన్నదమ్ములిద్దరికీ తగిలింది. మా మరిదికి నుదురు చిట్లింది. మా ఆయనకి ఎడమ డొక్కలో తగిలింది. నుదుటి దెబ్బ సంగతి తెలిసిందే కదా, గాయం చిన్నదైనా మొహమంతా నెత్తురే. గ్యాంగు గ్యాంగంతా మరిదిని ఎత్తుకుని రైల్వే ఆసుపత్రికి పరుగెత్తింది. మా ఆయనకి ఎవరో గ్లాసుడు నీళ్ళిచ్చి, కాసేపు కూర్చుని ఇంటికి పొమ్మన్నారట. ఆ గ్యాంగులో పద్ధతే అంత. నెత్తురు కారినవాడు ఆసుపత్రికి, కారనివాడు ఇంటికి. ఆయన సైకిలు ఎక్కలేక, నడిపించుకుంటూ వచ్చాడు.

మధ్యాహ్నానికి మరిది కుట్లు వేయించుకుని, తలకి తెల్లటి కట్టుతో, పెళ్ళికొడుకులా రిక్షా దిగాడు. వీధంతా వాళ్ళ గుమ్మంలోకి చేరింది. కొబ్బరిబోండాలు వచ్చాయి. ఎదురు క్వార్టరు దీదీ సందేశ్ మిఠాయి పట్టుకొచ్చింది. అత్త తలాపున కూర్చుని విసనకర్ర దించలేదు. ఇక తోటికోడలు ఆ నెత్తురు చొక్కాని ఇంట్లో ఉతుక్కోవచ్చు కదా, పనిగట్టుకుని వీధి కొళాయి దగ్గరికి తెచ్చింది. బకెట్లో నీళ్ళు ఎర్రబడుతుంటే ఆడవాళ్ళంతా చుట్టూ మూగి అయ్యో అయ్యో అన్నారు. మా ఆయన చొక్కాకి గ్రీజు మరక తప్ప ఏమీ లేదు. అది పట్టుకుని నేను కొళాయికి వెళితే ఎవరు చూస్తారు?

నా కడుపు రగిలిపోయింది. అదే బారు, అదే దెబ్బ. ఆ ఇంట్లో తిరనాళ్ళు, నా ఇంట్లోకి తొంగిచూసే దిక్కు లేదు. మా ఆయన బనీను ఎత్తి చూశాను. కాస్త కమిలిన మచ్చ, అంతే. చర్మం ఓ రవ్వ చీరుకుపోయి ఉంటే ఈయన సొమ్మేం పోయింది అని నిజంగానే అనుకున్నాను.

ఆయన పడుకోనని, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఏటి, ఎలాగుంది?" అని అడిగాను.

"ఏటీ నేదు. భుజం లాగతంది. కూసిన్ని మంచినీళ్ళియ్యి."

తగిలింది డొక్కలో, లాగేది భుజమా! చెంబు మీద చెంబు నీళ్ళు తాగాడు. మొహం పాలిపోయింది, నుదుటి మీద చెమట. తమ్ముడికి జరుగుతున్న వైభోగం వినబడి ఈయనకీ మనసు చివుక్కుమన్నదనుకున్నాను. నాకు అంత మండుతుంటే ఆయనకి మండదా?

ఎండ తగ్గాక అత్త తీరిక చేసుకుని మా గడప తొక్కింది. డొక్క మీద చెయ్యి వేసి చూసింది.

"నోపల నెత్తురు గడ్డ కట్టీసినాది. తవుడు కాపడం ఎట్టి, గట్టిగా మాలీసు సేయించితే కరిగిపోద్ది. పూరీ గేటు కాడి మాలీసువోడికి కబురెట్టినాను, వత్తన్నాడు," అంది.

పైకి నెత్తురు రాని దెబ్బని మావాళ్ళు మూగదెబ్బ అంటారు. దానికి మందు ఆవనూనె, బలమైన చేతులు. పుట్టింట్లో నేనూ చూసిందే. కాదనడానికి నా దగ్గర తెలివేమీ లేదు, కుళ్ళు మాత్రం దండిగా ఉంది.

"సిన్నకొడుక్కి డాకటరు, పెద్దకొడుక్కి మాలీసువోడా? నా మొగుడేటి, నీ సవితి కొడుకా?" అని లేచాను.

"ఆడికి నెత్తురు కారినాది గదే!"

"కారకపోతే దెబ్బ కాదేటి? ఈయనకీ కట్టు కట్టాల. కట్టించకండా ఇంటికి తేను."

అప్పటికే మాలీసువాడు నూనెసీసాతో గుమ్మంలోకి వచ్చాడు. అతన్ని అటునుంచి అటే పంపేశాను. మరిది రిక్షాలో వచ్చాడు కాబట్టి నేనూ రిక్షాయే పిలిచి, వీధంతా చూసేలా ఆయన్ని ఎక్కించాను. ఆసుపత్రి దాకా నా బుర్రలో ఒకటే ఉంది, తెల్లటి కట్టు, పెద్దది.

ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరు మొదట విసుక్కున్నాడు. మా ఆయన కింది కనురెప్ప లాగి చూశాక ఆ విసుగు పోయింది. నాడి చూశాడు. పొట్ట నొక్కితే చెక్కలా బిగుసుకుని ఉంది. అక్కడే పొట్టలోకి సూది గుచ్చి లాగాడు. గాజు సిరంజిలోకి నెత్తురు వచ్చింది.

మధ్యాహ్నం నుంచి నేను కావాలనుకున్న నెత్తురే అది. దాని వంకే చూస్తూ అక్కడే చతికిలబడ్డాను.

"అందర్ ఖూన్ బహ్ రహా హై," అన్నాడు డాక్టరు. లోపల నెత్తురు కారుతోందట. ఎడమ డొక్క ఎముకల కింద ప్లీహమని ఒకటి ఉంటుందట. అది చిట్లి, పొద్దున్నుంచి కడుపులోకే కారుతోందట. ఆ భుజం లాగడం, ఆ దాహం దాని గుర్తులేనట. మాలీసు సంగతి చెబితే ఆయన నా వంక ఓసారి చూసి, రుద్ది ఉంటే ఇక్కడిదాకా తెచ్చేదానివి కాదన్నాడు. వెంటనే కడుపు కోసి ప్లీహం తీసేయాలి. ఆసుపత్రిలో ఉన్న రక్తం చాలదు. ఎవరిస్తారని అడిగాడు.

కబురు విని గ్యాంగంతా వచ్చింది, వెనకే అత్తా తోటికోడలూ వచ్చారు. రక్తం అనగానే ఒక్కొక్కరే వరండాలోంచి జారుకున్నారు. నెత్తురిచ్చిన మగాడు మళ్ళీ సమ్మెట ఎత్తలేడని వాళ్ళ భయం. మరిదికి అప్పటికే నెత్తురు పోయిందని అతన్ని అడగలేదు. నేను చెయ్యి చాపాను. పరీక్ష చేసి కలవదన్నారు. తాళి కట్టించుకున్నదాని నెత్తురు కలవకపోవడమేమిటని నర్సుతో పోట్లాడాను.

అప్పుడు మా తోటికోడలు నన్ను పక్కకి తప్పించి ముందుకొచ్చి, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది.

"ఆమార్‌టా దేఖున్," అంది. నాది చూడండని, డాక్టరుతో కూడా బెంగాలీలోనే! అత్త వద్దంటున్నా వినలేదు. కలిసింది. కలవక ఏం చేస్తుంది, అన్నీ ఆమెకే కదా కలిసొచ్చేది.

ఆమె నెత్తురు సీసాలోకి నిండి, ఆ సీసా మా ఆయన తల మీద వేలాడింది. ఈ మనిషిని బతికించమని నూకాలమ్మకి మొక్కుకున్నాను. ఆ మొక్కు మధ్యలోనే, ఆ సీసాలో ఉన్నది నాదైతే ఎంత బాగుండేదని ఏడ్చాను. రెండూ ఒకే నోటితో జరిగాయి.

చచ్చి బతికాడు. ఇంటికి తెచ్చేనాటికి పొట్ట మీద నిలువునా కట్టు, మరిది కట్టు దాని ముందు ఏ మూలకి! ఇక జనమంతా మాకే అనుకుని చాపలు పరిచి కూర్చున్నాను. వచ్చారు. మా ఆయన్ని గుమ్మంలోంచే పలకరించి, తిన్నగా పక్కింటికి వెళ్ళారు. నెత్తురిచ్చిన ఇల్లాలిని చూడాలట! దానిమ్మపళ్ళు ఆమెకి, చిక్కటి పాలు ఆమెకి. మా అత్తయితే పైటచెంగుతో ఆమెకి దిష్టి కూడా తీసింది.

కట్టు విప్పినప్పుడు డాక్టరుని అడిగాను, ఎక్కించిన నెత్తురు ఒంట్లో ఎన్నాళ్ళుంటుందని. కొన్ని నెలలకి అదే పోయి సొంత నెత్తురు ఊరుతుందన్నాడు. ఆరోగ్యం గురించి అడిగాననుకున్నాడు, పాపం. ఆ నెలలు గడిచాయని నాకు నమ్మకం కుదిరిన రోజు పరమాన్నం వండాను. ఇక ఆయన ఒంట్లో ఉన్నదంతా నా చేతి తిండితో ఊరిందే. ఏలకుల వాసనకి తోటికోడలు లోపలికి వచ్చింది.

"ఏటక్కా, ఏటి పండగ?"

నేను దాచలేదు. "నీ నెత్తురు మీ బావ ఒంట్లోంచి పూరాగా ఎలిపోనాది. అదీ పండగ," అన్నాను.

ఆమె గిన్నె అందుకుని, పీట వాల్చుకుని, తీరిగ్గా రెండు చెంచాలు తింది.

"పోతే పోనీ అక్కా. మనిసి ఉండిపోనాడు గదా."

గరిటె నా చేతిలోనే ఉంది. ఆమె గిన్నెలో ఇంకో గరిటెడు వేశాను. ఆ మాట కూడా నాకంటే ముందు ఆమెకే తట్టింది.