ప్రకాశం సారుకు పంపిన ఐదు స్వరాలు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ములకలపల్లిలో ఒక బడిలో ఫిజిక్స్ చెబుతాను. ధ్వని పాఠం ఏటా చెప్పేదాన్నే. ఈ సంగతి ఇన్నాళ్లూ బయటపెట్టకపోవడానికి అదీ ఒక కారణం.

మాది మధిర. ఉద్యోగం వచ్చాక ఇక్కడ సుగుణమ్మ గారింట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. చర్చిలో గిటార్ వాయించే ప్రకాశం సారు దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టాను. రెండేళ్లలో పాటలు పట్టుబడ్డాయి. ఆర్టిఫిషియల్ హార్మోనిక్స్ మాత్రం రాలేదు.

ఎడమచేతి వేలితో తీగను ఒక మెట్టు మీద నొక్కాలి. అక్కడికి సరిగ్గా పన్నెండు మెట్ల అవతల కుడి చూపుడువేలు తీగకు ఆనీ ఆననట్టు ఉంచి, అదే చేతి ఉంగరపు వేలితో మీటాలి. కుదిరితే చిన్న గంట మోగినట్టుంటుంది. లేకపోతే టక్‌మంటుంది. నాకెప్పుడూ టక్కే.

"గట్ల ఒత్తితే సచ్చిపోతది బిడ్డా. తాకి ఇడిసిపెట్టు," అనేవారు సారు. సాధనకని ఒకే తీగ మీద ఐదు స్వరాలు ఇచ్చారు.

నిరుడు వానాకాలం ఆయన కిడ్నీలు పాడై భద్రాచలం దవాఖానాలో చేరారు. చూడటానికి వెళితే, "నేను పోయేలోపల ఆ ఐదు నీ చేత ఇనాలె," అన్నారు. సరేనన్నాను.

అది శనివారం మధ్యాహ్నం. కరెంటు లేదు, ఫ్యాన్ ఆగి ఉంది. జల్లు కొడుతోందని కిటికీ మూశాను. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి మొదలుపెట్టాను. ఏడెనిమిది సార్లు టక్‌మంది. ఏడుపొచ్చి రెండు చేతులూ తీసేసి మంచం పట్టె మీద పెట్టుకున్నాను.

అప్పుడు మోగింది.

ఐదు స్వరాలూ, ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా. గిటార్ చెక్క వణకడం పొట్టకు తెలిసింది.

పక్కన అదే స్వరం మోగితే తీగ దానంతటది కంపించవచ్చు. పిల్లలకు నేనే చెబుతాను. కానీ ఒక్క తీగ మీద ఆ ఐదూ పలకాలంటే ఎవరో ఒకరు ఐదు చోట్ల నొక్కాలి.

వంటింట్లోంచి సుగుణమ్మ గారు కేకేశారు. "టీచరమ్మా, ఇయ్యాల వచ్చింది గదా!"

అవునన్నాను. రికార్డింగ్ పెట్టి చూస్తే స్పష్టంగా ఉంది. ముందున్న టక్కులు కత్తిరించి, 'సారూ, వచ్చేసింది' అని రాసి, ఆయన దగ్గరున్న కూతురు స్టెల్లాకు పంపాను. భయం కన్నా ఆయన వినకుండానే పోతారన్న బెంగే ఎక్కువగా ఉండింది.

కాసేపటికి స్టెల్లా ఫోన్ చేసింది. "అక్కా, ఏం పంపినవ్? నాన్న ఇనంగనే ఫోన్ నెట్టేసిండు. 'అది ఆమె చెయ్యి కాదు, ఆ గదిలకెల్లి జల్దీ బయటికి రమ్మను' అంటుండు. నీ దగ్గర ఎవరున్నరు?"

గదంతా చూశాను. ఎవరూ లేరు.

"ఎవరూ లేరు స్టెల్లా. నేనే వాయించా."

ఆమె ఆ మాట ఆయనకు చెప్పడం వినిపించింది.

మర్నాడు మొదటి బస్సుకే వెళ్లాను. సారు నా కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని, వేళ్లను ఒక్కొక్కటిగా తడిమి చూశారు. తర్వాత వదిలేసి గోడవైపు తిరిగారు. వార్డు నిండా జనం. నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సోమవారం తెల్లవారుతుండగా ఆయన పోయారు.

గది ఖాళీ చేశాను. ఆ ఇంట్లో ఎప్పుడైనా ఏమైనా జరిగిందా అని సుగుణమ్మ గారిని అడిగితే, "ఏం జరుగుతదమ్మా, మేం కట్టుకున్న ఇల్లే," అన్నారు. రికార్డింగ్ ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. దానికి నా దగ్గర ఏ సూత్రమూ లేదు.

ఆ చెయ్యి ఎవరిదో సారుకు తెలుసా, నాది కాదని మాత్రమే తెలిసిందా? ఆ ఆదివారం సాయంత్రం దాకా ఆయన మంచం పక్కనే కూర్చుని కూడా, అడగలేకపోయాను. అడగాలంటే ముందు నేను వాయించలేదని ఒప్పుకోవాలి.