జీవరత్నం అంకుల్ రికార్డింగ్‌లో ఒక కేక

నిన్న టొరంటో పక్కన రిచ్‌మండ్ హిల్ ట్రాఫిక్‌లో కారు ఆగిపోతే పాత రికార్డింగ్ ఒకటి పెట్టాను. గిటార్ మెల్లగా పైకెక్కి, ఇక పోయేందుకు చోటు లేదనిపించిన క్షణాన, జనం హోరుకన్నా ముందే ఒక గొంతు "స్తోత్రం!" అని అరిచింది. వెనక సీట్లో మా అమ్మాయి ఉలిక్కిపడింది. "హూ ఈజ్ దట్, నాన్నా?"

అది జీవరత్నం అంకుల్. తెనాలి వైపు మనిషి. హామిల్టన్‌లో ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం, ఆదివారాలు చర్చిలో పాటలు, మిగిలిన కాలమంతా ఒక ముసలి రాక్ బ్యాండ్ మీద భక్తి. పత్రికలో వార్తలు కత్తిరించే డెస్క్ పని వదిలి కెనడా వచ్చిన కొత్తలో నేను ఆయన బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. ఆ బ్యాండ్ ఏ పాటనూ రెండుసార్లు ఒకేలా వాయించదు. మధ్యలో పాటను వదిలి ఎటో తిరిగి, అరగంటకు ఇంటికొస్తుంది. రికార్డు చేసుకుంటామంటే అభిమానులను కాదనదు. మనుషుల మాటలు పడని రికార్డింగ్ ఒక్కటైనా చేయాలని అంకుల్ జీవితాశయం. ప్రతిసారీ పక్కన ఎవరో ఒకరు నోరు విప్పేవారు. ఒకసారి ఆంటీ జంతికలు నమిలిన చప్పుడు మొదటి నుంచి చివరిదాకా పడింది.

ఆ వేసవిలో టొరంటోలో సరస్సు ఒడ్డున కచేరీకి నన్ను తీసుకెళ్లారు.

"అరగంట పాటేంటి అంకుల్? మా డెస్క్‌లో అయితే రెండు నిమిషాలకు కుదించేవాళ్లం."

"అందుకే మీ పేపర్ టీ చల్లారేలోపు అయిపోయేది. వాళ్లు పాటలో ఏదో వెతుక్కుంటారోయ్. దొరికేదాకా ఆగలేవా?"

చుట్టుపక్కల వాళ్లందరికీ దండం పెట్టి మాట్లాడొద్దని బతిమాలారు. మైక్ ఆన్ చేయబోతూ నా నోట్లో జంతిక చూశారు.

"నమలకు. నానబెట్టు."

నానబెట్టాను. పాట దారి తప్పింది. ఎక్కడ కత్తిరించాలా అని కాసేపు చూశాను. జంతిక కరిగేసరికి ఆ సంగతే మరిచిపోయాను. ఎవరూ మాట్లాడలేదు. వాళ్లకు కావలసింది దొరికిన క్షణాన అంకుల్ కళ్లు మూసుకుని, మంచి ప్రసంగం విన్నప్పుడు చర్చిలో చేసినట్టే రెండు చేతులూ ఎత్తి అరిచారు.

ఇంటికెళ్లి వినిపిస్తే ఆంటీ కూలబడి నవ్వారు. "ఇన్నేళ్లూ ఊరందర్నీ తిట్టి, చివరికి మీరేనా?"

"కంప్యూటర్లో ఆ కేక తీసేయొచ్చు అంకుల్," అన్నాను.

"వద్దులే. దొరికినప్పుడు కూడా నోరు మూసుకుంటే ఇంక విన్నదేంటోయ్?"

అంకుల్ ఇప్పుడు లేరు. ఎవరైనా మాట్లాడుతూ దారి తప్పితే నా చేయి ఇప్పటికీ కత్తెర వెతుకుతుంది. నోట్లో జంతిక ఉందనుకుని ఆగుతాను.

ఇదంతా చెబితే అమ్మాయి మళ్లీ పెట్టమంది. ట్రాఫిక్ కదల్లేదు. ఈసారి ఆ చోటు రాగానే అంకుల్‌తో కలిసి ముగ్గురం అరిచాం. పక్క కారాయన అద్దం పైకెత్తుకున్నాడు.