ముందు జేబులో పట్టే ఫోన్

ఒర్లీనా గేహార్ట్ ఫోన్‌ను ఓవరాల్ దుస్తుల ముందు జేబులో వేసుకొని, దుకాణం మధ్యలో నడుము వంచి, చీపురు కర్రతో నేలను తవ్వుతున్నట్టు నాలుగు పోట్లు పొడిచింది. మూడో పోటుకి ఫోన్ జేబులోంచి జారి గచ్చు మీద పడింది. దుకాణం యజమాని హార్లిస్ నేపియర్ కళ్ళు మూసుకున్నాడు.

“అద్దం పగిలితే నువ్వే కొనాలి ఒర్లీనమ్మా.”

“నా జేబులో నిలవనిదాన్ని నేనెందుకు కొంటాన్రా? అది ఫోనా, పీట చెక్కా?”

“రక్షణంతా అందులోనే ఉంది మరి. కంపెనీ వాళ్ళు పెట్టిన ఆరా తీసే సరుకు మొత్తం పీకేశాను. నువ్వెక్కడున్నావో దేవుడు కూడా నిన్నడిగే తెలుసుకోవాలి.”

“నా సెన్సర్ నడుస్తుందా ఇందులో?”

హార్లిస్ మెడ గోక్కున్నాడు. “మాట ఇవ్వలేను. ఒకరోజు నడుస్తుంది, ఒకరోజు నడవదు.”

“నడవనిరోజే నా దినం అన్నమాట. తీసి అవతల పెట్టు.”

ఒర్లీనాకి అరవై మూడేళ్ళు. బడి వంటగదిలో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పింది. హార్లిస్ ఆమె చేతి మొక్కజొన్న రొట్టె తిని పెరిగినవాడే. ఇలాంటి మనిషికి కట్టుదిట్టమైన ఫోన్ ఎందుకని అడిగేవాళ్ళు ఉంటారు. రహస్యాలు మంత్రులకీ గూఢచారులకీ మాత్రమే ఉంటాయని నమ్మడం చదువుకున్నవాళ్ళకి అదో ముచ్చట. తూర్పు కెంటకీ కొండల్లో పొగాకు చేను ఉన్నవాడికి రహస్యం అక్కర్లేదు. చేను రోడ్డు మీదికి కనబడుతూనే ఉంటుంది, అడ్డంగా కోసుకుపోతే ఊరంతా చూస్తుంది. ఒర్లీనా ఆస్తి అలాంటిది కాదు. కొండకి ఉత్తరపు వాలులో, ఎత్తైన చెట్ల నీడన, వాళ్ళమ్మ నలభై ఏళ్ళ కింద గింజ గింజా నాటిన జిన్‌సెంగ్ అనే మందువేరు మొక్కలవి. ఎండబెట్టిన వేరు పౌనుకి ఆరేడు వందల డాలర్లు పలుకుతుంది. కొండ కాగితాల మీద ఒర్లీనాదే. దానికి కంచె వేయగలవాడు మాత్రం ఇంకా పుట్టలేదు. ఆ మొక్కలకి ఉన్న కంచె ఒక్కటే: అవెక్కడున్నాయో ఎవరికీ తెలియకపోవడం.

అందుకే తల్లి ఆమెకి వేరు తవ్వడం కంటే ముందు నడక నేర్పింది. వెళ్ళిన దారిన రెండోసారి వెళ్ళకూడదు. బండిని వేరే లోయలో ఆపాలి. తిరిగొచ్చేటప్పుడు చేతిలో పుట్టగొడుగులో, ఆకుకూరో ఉండాలి. జీతమెంత అని అడిగినా ఊరుకుంటారు గాని, ఎక్కడ తవ్వావు అని అడిగినవాణ్ణి ఆ పక్కల ఎవరూ రెండోసారి గడప తొక్కనివ్వరు.

ఈ జాగ్రత్తలన్నీ ఒక్క ఏడాదిలో గంగలో కలిశాయి. నిరుటి వేసవిలో షుగర్ ఉన్నట్టుండి పడిపోయి, ఒర్లీనా గరిటె పట్టుకునే కూలబడింది. డాక్టరు ఆమె జబ్బకి బిళ్ళంత సెన్సర్ ఒకటి అంటించాడు. షుగర్ తగ్గితే అది అరుస్తుంది, కాని దాని గొంతు స్మార్ట్‌ఫోన్‌లోనే ఉంది. మామూలు ఫోన్‌తో అది మాట్లాడదు. అప్పుడు అక్క నెవలీన్ కొడుకు డ్రెస్టన్ ఒక పాత ఫోన్ తెచ్చిచ్చాడు. పైసా ఖర్చు లేదు, వాళ్ళ ఇంటి ప్లాన్‌లోనే కలిపేశాడు. ఆ శరదృతువులో ఒర్లీనా చుట్టుదారులన్నీ తిరిగి, బండిని రెండు లోయల అవతల ఆపి, తూర్పు వాలులో ఉన్న తన చిన్న పాదుకి వెళ్ళింది. నవంబరులో మళ్ళీ వెళ్ళి చూస్తే అక్కడ మొక్క లేదు, గుంటలున్నాయి. పిల్ల మొక్కల్ని కూడా వదల్లేదు.

ఎలా తెలిసిందో వసంతంలో గాని తేలలేదు. నెవలీన్ పుట్టినరోజున, కేకు కోస్తూ, మనసులో ఏమీ లేకుండానే అంది: “ఆ మంగళవారం ఎంత హడలిపోయామే చెల్లీ. ఫోన్ మ్యాపులో నీ నీలం చుక్క మూడు గంటలు కొండ మీద కదల్లేదు. డ్రెస్టన్ చూపించాడు.”

ఒర్లీనా కేకు తింది. బాగుందని కూడా చెప్పింది. ఇంటికొచ్చి ఆ ఫోన్‌ను వంటింట్లో, పప్పుల డబ్బా పక్కన పెట్టేసింది. ఆ తర్వాత అది ఇల్లు దాటలేదు. కొండకి ఆమె కూడా వెళ్ళలేదు. ఇప్పుడు ఆగస్టు చివరి వారం. సెప్టెంబరు ఒకటిన తవ్వకాలు మొదలు. ఉత్తరపు వాలు ఇంకా ఎవరికీ తెలియదు. ఫోన్ లేకుండా వెళ్తే తను పోతుంది, ఆ ఫోన్‌తో వెళ్తే అమ్మ పాదు పోతుంది. అందుకే ఈ దుకాణం.

రెండో ఫోన్ అరచేతిలో ఇమిడింది. ధర నలభై డాలర్లు. చీపురు కర్రతో ఎంత పొడిచినా జేబులోంచి కదల్లేదు.

“ఇదెందుకింత చవక?” అంది ఒర్లీనా.

“దీన్ని చేసినవాళ్ళు మర్చిపోయారు కనుక. తాళాలు మార్చడం మానేసి మూడేళ్ళయింది. ఎవడి దగ్గర చూసినా దీనికి మారు తాళంచెవి ఉంటుంది.”

“తలుపు లేని ఇల్లు అద్దె తక్కువే మరి. ఆ మూడోది?”

మూడోది రెండోదాని కంటే వేలెడు పొడుగు. ఒకసారి వాడి బాగుచేసిన సరుకు. ఇంకో రెండేళ్ళు తాళాలు మారుస్తారట. ధర నూట తొంభై. ఒర్లీనా దాన్ని జేబులో వేసుకుని పదిసార్లు వంగి లేచింది, నడుము పట్టేదాకా. అంచు కాస్త బయటికి కనబడింది గాని పడలేదు. హార్లిస్ ఆమె పేరు లేకుండా కొత్త ఖాతా తెరిచాడు, పాత ఫోన్‌లోంచి ఏదీ ఎక్కించలేదు, ఊళ్ళు చూపించేవీ ఫొటోలు పంచేవీ అన్నీ తీసేశాడు. సెన్సర్ యాప్ పెట్టేసరికి అది ఒక ప్రశ్న వేసింది.

“నువ్వెక్కడున్నావో తెలుసుకోనిస్తావా అంటోంది,” అన్నాడు హార్లిస్.

“నా రక్తంలో చక్కెర చూడ్డానికి నేను ఏ కొండ మీదున్నానో దానికెందుకు?”

“జబ్బ మీది బిళ్ళతో మాట్లాడాలంటే అదడుగుతుంది. అది పద్ధతి. బయటికైతే వెళ్ళదు... అనుకుంటా.”

ఒర్లీనా అతని ముఖంలోకి చూసింది. ఆ దుకాణంలో అన్ని ధరలూ ఉన్నాయి, ఆ ‘అనుకుంటా’కి మాత్రం లేదు. అవును అన్న చోట తనే నొక్కింది.

మర్నాడే డ్రెస్టన్ వచ్చాడు. గని మూతపడ్డాక ఉద్యోగం లేదు, ఇద్దరు పిల్లలు. వరండా మెట్టు మీద కూర్చుని టోపీ తీసి మోకాలికి తగిలించాడు.

“పిన్నీ, మన ప్లాన్‌లోంచి నీ ఫోన్ తీసేశావట.”

“దాని బ్యాటరీ ముసలిదైపోయిందిరా, నాలాగే.”

“అమ్మ కంగారు పడుతోంది. నువ్వెక్కడన్నా పడిపోతే మాకెలా తెలుస్తుంది? కొత్తదాంట్లో కూడా పెట్టేస్తాను, ఒక్క నిమిషం పని.” చేయి చాపాడు.

“వద్దులే.”

“మన ఇంట్లోవాళ్ళ దగ్గర దాచేదేముంది పిన్నీ?”

“మీ అమ్మ గ్రేవీలో ఏం వేస్తుందో నలభై ఏళ్ళ నుంచి నాకు చెప్పలేదు. నేనేమన్నా ఆవిడ వంటింట్లో నీలం చుక్క పెట్టానా?”

డ్రెస్టన్ నవ్వాడు, కాని టోపీ తిప్పుతున్న చేయి ఆగిపోయింది. చాపిన రెండో చేయి కాసేపు అలాగే ఉండి వెనక్కి వెళ్ళింది.

సెప్టెంబరు ఒకటిన ఒర్లీనా పొద్దున్నే బిస్కట్ రొట్టెలు, గ్రేవీ తిని, ఇన్సులిన్ సూది వేసుకుని, బండిని చర్చి వెనకాల ఆపింది. వేరే లోయలోంచి ఎక్కి, వాగు దాటి, శిఖరం చుట్టి దిగింది. అమ్మ పాదు అలాగే ఉంది. ఆకులు పసుపుకి తిరుగుతున్నాయి, ఒక్కో మొక్క నడినెత్తిన ఎర్రటి పళ్ళ గుత్తి. ముదురు మొక్కలు పన్నెండు ఏరింది. తవ్విన ప్రతి చోటా పండు నాటింది, మిగిలిన నాలుగు పళ్ళు ముందు జేబులో, ఫోన్ పక్కన వేసుకుంది.

అప్పుడు ఫోన్ ఒకసారి వణికింది. షుగర్ అరవై ఎనిమిది.

బండకి ఆనుకుని కూర్చుని రెండు పిప్పరమెంటు బిళ్ళలు నోట్లో వేసుకుంది. తెచ్చినవి అవే. కూర్చుంటే పావుగంటలో సర్దుకుంటుంది, కదలకూడదు, అంతే. సరిగ్గా అప్పుడే కింది లోయలో బండి తలుపు పడిన చప్పుడు. కాసేపటికి ఎండుటాకుల మీద అడుగులు. మనిషి ఒక్కడే, తొందర లేకుండా ఎక్కుతున్నాడు.

అరవై ఒకటి. ఒర్లీనా ఫోన్‌ను బయటికి తీసి చేతుల మధ్య పెట్టుకుంది. చెమట పడుతోంది, వేళ్ళు తనవి కానట్టున్నాయి. ఇంకా తగ్గితే ఏమవుతుందో హార్లిస్ ముందే చెప్పాడు: యాభై ఐదు దిగితే ఇది అరుస్తుంది, దాన్ని నోరు మూయించే మీట ఎవరూ పెట్టలేదు, నీ మంచికే.

తీగల మీద, గాలిలో ఒక్క మాట పోకుండా కట్టుదిట్టం చేసుకున్న ఫోన్. ఇంకో రెండు నిమిషాల్లో అది ఉత్తరపు వాలు మొత్తానికి వినబడేలా ‘ఇక్కడుంది, ఇక్కడుంది’ అని అరవబోతోంది. పారేస్తే అరుపు ఇక్కడే ఉంటుంది. రాయితో కొడితే తను ఇక్కడే పడి ఉంటుంది.

“పిన్నీ?” కింద నుంచి పిలుపు. డ్రెస్టన్.

ఒర్లీనా లేచింది. గూటి దగ్గరికి ఎవరన్నా వస్తే తీతువు పిట్ట గుడ్లను వదిలి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, అరుస్తూ దూరంగా పోతుంది. ఆమెకి ఆ క్షణాన ఏ పిట్టా గుర్తు రాలేదు. తూర్పు వాలు ఎటో మాత్రం గుర్తుంది. చెట్టు నుంచి చెట్టుకి, కొమ్మలు పట్టుకుని అటు నడిచింది. నేల ఒకసారి పైకి లేచింది, ఒకసారి పక్కకి జరిగింది. చేసంచిలోని పన్నెండు వేర్లనూ సంచితో సహా పడిపోయిన దుంగ కిందికి తోసేసింది. యాభై ఎనిమిది. వాలు మలుపు తిరిగింది. నిరుటి గుంటలు కనబడ్డాయి, వాటిలో ఆకులు నిండి ఉన్నాయి. యాభై నాలుగు.

ఫోన్ అరిచింది. ఒర్లీనా గుంటల మధ్య కూలబడి, దాన్ని జేబులోనే అరవనిచ్చింది.

డ్రెస్టన్ చెట్ల మధ్య నుంచి పరుగున వచ్చాడు. “కదలకు పిన్నీ. నీ ఎడం పక్క ఆకుల కింద బండ ఉంది, కాలు పెడితే దొర్లుతుంది.” చేతిలోని తియ్యటి సోడా సీసా మూత తీసి, ఆమె తల పట్టుకుని తాగించాడు. “తాగు. ఇంకా. మొత్తం తాగాలి.” సీసా సగమయ్యాక అతని కళ్ళు ఆమె మీంచి నేల మీదికి దిగి, ఆకుల మధ్య చుట్టూ ఒకసారి వెతికాయి. ఆ రెండు పనులూ చేసింది ఒక్క మనిషే. ఒర్లీనా రెండూ చూసింది.

“ఎలా వచ్చావురా?”

“చర్చి వెనకాల నీ బండి చూశాను. ఇవాళ ప్రార్థన లేదు కదా, కొండకే వెళ్ళి ఉంటావని ఇటు ఎక్కాను.” మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “నీ ఫోన్ మన ప్లాన్‌లో ఉంటే ఇంత దూరం వెతుక్కునేవాణ్ణి కాదు. చూశావా మరి. ఇంతకీ ఇక్కడేముందని ఇంత దూరం వచ్చావు?”

“నువ్వు నిరుడు తవ్విన గుంటలు చూద్దామని.”

అలారం ఇంకా మోగుతూనే ఉంది.

“ఆకుల కింద బండ దొర్లుతుందని నాకు తెలుసురా. నేనిక్కడ ఇరవై ఏళ్ళు తిరిగాను. నీకెలా తెలుసు?”

డ్రెస్టన్ టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. “పిల్లలకి ఫీజులు...” అని మొదలుపెట్టాడు గాని పూర్తి చేయలేదు. “పిల్ల మొక్కలు నేను పీకలేదు పిన్నీ. నాతో వచ్చినవాడు పీకాడు,” అన్నాడు.

“చోటు చూపించింది ఎవరు?”

అలారం ఆగింది. డెబ్బై. అడవి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

“అమ్మకి చెప్తావా?”

“మీ అమ్మకి నేను చెప్పేదేముంది? చుక్క చూసింది ఆవిడే కదా. లేవదియ్యి.”

అతను చంకల కింద చేతులు వేసి లేపాడు. నిలబడ్డాక ఒర్లీనా షుగర్ ఎంతుందో చూసుకుందామని ఫోన్ తీసింది. దాని అంచుకి అంటుకుని జేబులోంచి ఒక ఎర్రటి పండు బయటికొచ్చి, ఇద్దరి మధ్యా ఆకుల మీద పడింది. నిరుడు ఊడ్చుకుపోయిన వాలు మీద, ఇంకెక్కడో కాసిన ఈ ఏటి పండు.

ఒర్లీనా బూటు దాని మీద పెట్టింది. మెల్లగా, పూర్తి బరువు వేసి.

డ్రెస్టన్ ఆ బూటు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల తిప్పి, “ఇటు రా పిన్నీ, ఇటు నేల గట్టిగా ఉంది,” అన్నాడు.

ఆమె మడమ తిప్పి పండును ఇంకో అంగుళం మట్టిలోకి దించి, అప్పుడు కాలు ఎత్తింది. దిగేటప్పుడు అతన్ని ముందు నడవమంది. ఫోన్‌ను జేబులో వేసుకుని దాని మీద చేయి పెట్టుకుంది.