పోటు మీద బయల్దేరిన పడవ

పోయిన వారం గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టుకి నేత దుప్పట్ల కోసం వెళ్తే, కొట్టాయన మూట విప్పి, ఒక దుప్పటి మడత దులిపి నా ముందు పరిచాడు. "ఒక్క ఉతుకు పడితే మెత్తబడిపోద్దండీ, ఇప్పుడు గరుకుగా ఉందని చూడకండి" అని ఆయన చెప్పుకుపోతున్నాడు కానీ నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. గంజి వాసన. బయట ఆటోల హారన్లు, సిటీ బస్సుల పొగ, లోపల ఏసీ చల్లదనం, వాటన్నిటి మధ్యా ఆ ఉడికిన బియ్యపు వాసన, అడుగున సన్నగా కొబ్బరినూనె. బేరమాడటం మర్చిపోయి, ఆయన చెప్పిన రేటుకే నాలుగు దుప్పట్లు తీసుకుని వచ్చేశాను. ఇంట్లో చీవాట్లు తిన్నానని వేరే చెప్పక్కర్లేదు.

మాది పెడన. తెల్లారకుండానే మా వీధి పొడుగునా పడుగులు సాగదీసి, మగవాళ్ళు అటూ ఇటూ నడుస్తూ పెద్ద పెద్ద కుంచెలతో గంజి పట్టించేవాళ్ళు, ఎండ ముదిరేలోగా అది ఆరిపోవాలి గనక అందరూ హడావిడిగా ఉండేవాళ్ళు, పిల్లలం ఆ నూలు కిందనుంచి వంగి దూరి పాలకి వెళ్ళొస్తుంటే "తల తగిలిందంటే తోలు తీస్తా" అని మా తాతయ్య రోజూ ఒకే మాట అరిచేవాడు, ఒక్కసారైనా ఎవరి తోలూ తియ్యలేదు. చద్దన్నంలో కొత్తావకాయ, మధ్యాహ్నానికి తాటిముంజలు, శ్రీరామనవమి వెళ్ళి పదిరోజులైనా మా నానమ్మ ఎందుకో చేస్తూనే ఉండే పానకం. పన్నెండు దాటాక మగ్గాల చప్పుడు ఆగిపోయేది. పెద్దవాళ్ళు నడుం వాల్చేవాళ్ళు. ఆరు గుంటమగ్గాలున్న మా మగ్గాల సావిడి అప్పుడు చల్లగా, చీకటిగా, పూర్తిగా మాదయ్యేది.

నాకు పదకొండేళ్ళు వచ్చిన వేసవిలో మా పెదనాన్న కూతురు సరోజక్క బెజవాడ హాస్టల్ నుంచి సెలవులకి వస్తూ ఒక ఆట పట్టుకొచ్చింది. హాస్టల్లో ఎవరో పిల్ల దగ్గర ఇంగ్లీషు పుస్తకం ఉందట, నెల రోజులు రాత్రింబగళ్ళు ఆడారట. ఆ ఆటకి బోర్డు లేదు, పావులు లేవు, గెలుపోటములు లేవు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. ఎదురుగా ఏముందో నడిపేవాళ్ళు చెప్తే, అక్కడ తమ మనిషి ఏం చేస్తుందో ఎవరికి వాళ్ళు చెప్పాలి, ఆ చేసింది ఫలించిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. నడిపేవాళ్ళని మాస్టర్ అంటారని చెప్పింది. మా ఊళ్ళో డ్రాయరు కుట్టేవాడి దగ్గర్నుంచి చీరకి డిజైను గీసేవాడిదాకా అందరూ మాస్టర్లే కాబట్టి మాకు అదేం వింతగా అనిపించలేదు.

పాచికలు లేకపోతే ఆరు చింతపిక్కల్ని అరుగు మీద ఒకవైపు తెల్లగా అరగదీసుకున్నాం. ఎన్ని తెలుపులు పడితే అంత అదృష్టం. పాడైపోయిన జకార్డు అట్టలు, అంటే చీర అంచు డిజైను కోసం చిల్లులు పొడిచిన పొడుగాటి అట్టముక్కలు, తలా ఒకటి తీసుకుని వాటిమీద మా మనిషి పేరు, బలం, బుద్ధి పెన్సిల్‌తో రాసుకున్నాం. మ్యాపు మాత్రం అక్క, తాతయ్య డిజైన్లు గీసే గళ్ళ కాగితం మీద గీసింది. పచ్చ గళ్ళు అడవి, పసుపు గళ్ళు ఊళ్ళు, కాగితంలో సగానికి పైగా నీలం గళ్ళు, అది సముద్రం. గడికి ఒక గంట ప్రయాణం.

ఆడేది ముగ్గురం. నేను, మా తమ్ముడు చంటి, నాగమణి. చంటి ఏనుగుగా పుట్టాడు, మనిషిగా పుట్టమంటే ఒప్పుకోలేదు. నేను చీరల వర్తకురాలిని. నాగమణి పడవ నడిపే మనిషి. వాళ్ళది బందరు పక్కన గిలకలదిండి. వాళ్ళమ్మ సత్తెమ్మ పొద్దున్నే బస్సులో చేపల గంప వేసుకొచ్చి, కూతుర్ని మా అరుగు మీద కూర్చోబెట్టి, గంప ఖాళీ అయ్యేదాకా వీధులన్నీ తిరిగేది. నాగమణిది నా ఈడే. మాట తక్కువ, చూపు సూటి. ఆ పిల్లని చూస్తే నాకు ఎంతిష్టమో అంత భయం కూడా ఉండేది.

సరోజక్క కథ చెప్పడం గురించి ఎలా రాయాలో నాకిప్పటికీ తెలియదు. ఆగిపోయిన మగ్గం మీద, నేసేవాళ్ళు కూర్చునే చోట, కాళ్ళు గుంటలో వేలాడేసుకుని కూర్చునేది. గొంతు పెంచేది కాదు. "తలుపు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. కానీ దీపం ఇంకా వెలుగుతోంది" అని ఆగేది. అంతే, నా వీపు మీద చెమట చల్లబడేది. ఆ సావిడిలో నేను ఎడారి చూశాను, మంచు చూశాను, సముద్రం మీద తుఫాను చూశాను. ఒక పదహారేళ్ళ పిల్ల నోటిమాటతో ఇంత లోకాన్ని ఎక్కణ్ణుంచి తెస్తోందా అని నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయేదాన్ని. ఆ తర్వాత చాలా చదివాను, చాలా చూశాను. అంత ఆశ్చర్యం మళ్ళీ పడలేదు.

గొడవలు రాలేదని కాదు. చంటి ప్రతి తలుపునీ తొండంతో బద్దలు కొడతాననేవాడు. ఇలాంటి గొడవలకి మందు తాతయ్య సావిడిలోనే దొరికింది. నేస్తుంటే డిజైనులో తప్పుందని అనుమానమొస్తే, మా నేతగాళ్ళు మగ్గం ఆపేవాళ్ళు కాదు, అరిచేవాళ్ళు కాదు. బట్ట అంచున ఆ చోట ఒక ఎర్రదారం ముడేసి నేత సాగించేవాళ్ళు. సాయంత్రం డిజైను గీసిన మనిషి ఆ మగ్గం దగ్గరికి వచ్చి, నేసిన మనిషి పక్కన కూర్చుని, ఇద్దరూ కలిసి గళ్ళు లెక్కపెట్టుకునేవాళ్ళు. ఇది తాతయ్య పెట్టిన పద్ధతి. అక్క దాన్నే ఆటలోకి తెచ్చింది. "నేను చెప్పింది నచ్చకపోతే నీ అట్ట చిల్లులో ఎర్రదారం కట్టు, ఇప్పటికి నా మాట మీద నడు, ఆటయ్యాక తేల్చుకుందాం" అంది. నెల రోజులు ఆ దారమే మమ్మల్ని కాపాడింది.

ఇక అసలు సంగతి. నా వర్తకురాలు ఒక దీవిలో దొంగల చేతికి చిక్కింది. ఇవతలి ఒడ్డున నాగమణి పడవ ఉంది. అంతకు ముందురోజే అరుగు మీద నాగమణి మాకు పోటూ పాటూ గురించి చెప్పింది. నీళ్ళు పైకెక్కితే పోటు, తీస్తే పాటు. ఏరు సముద్రంలో కలిసే చోటుని వాళ్ళు మొగ అంటారు, పాటు మీద మొగ దాటి వేటకెళ్తారు, పోటు మీద ఇంటికొస్తారు. అక్కకి ఆ పోటన్న మాట తెగ నచ్చినట్టుంది, మర్నాడు కథలోకి తెచ్చేసింది.

"పోటెక్కుతోంది. నీళ్ళు గట్టుని కొడుతున్నాయి. నాగమణీ, నీ పడవ మొగలోకి బయల్దేరింది" అంది అక్క.

"పోటు మీద నేను బయల్దేరనక్కా. పాటు వచ్చిందాకా ఆగుతా."

"బయల్దేరావు. ఇప్పుడే చెప్పానుగా."

"నా మనిషి నేను చెప్పకుండా ఎట్టా బయల్దేరుద్ది?"

అక్క మొహం ఎర్రబడింది. పడవ మొగ దాటగానే రావాల్సిన తుఫాను కోసం తను రెండు రోజులు ఆలోచించిందని నాకు తెలుసు. నాగమణి ఎర్రదారం తీసి తన అట్టకి ముడేసింది. అక్క చెయ్యి చాచి ఆ దారాన్ని పుటుక్కున తెంపేసింది. "దీనికి దారం లేదు" అని, నాగమణి వెయ్యాల్సిన చింతపిక్కలు తనే వేసింది. ఆరూ నల్లగా పడ్డాయి.

"మునిగిపోయావు" అంది.

"నీళ్ళు నీ చింతపిక్కల మాట వినవు" అంది నాగమణి.

అప్పుడు అక్క నావైపు తిరిగింది. "పద్మా, నువ్వు చెప్పవే. ఎవరిది రైటు?"

నాకు తెలుసు. నాగమణిదే రైటు. కానీ అక్కకి కోపం వస్తే ఆట ఆగిపోతుంది, ఆట ఆగిపోతే ఆ వేసవిలో ఇంకేమీ లేదు. నేను గుంటలోకి చూస్తూ కూర్చున్నాను. నాగమణి ఒక క్షణం నన్ను చూసి, అట్ట అక్కడే పెట్టి లేచి వెళ్ళిపోయింది.

నేను భయపడిందే జరిగింది, ఆట ఆగిపోయింది. మర్నాటి నుంచి నాగమణి మా అరుగు మీద కూర్చోలేదు. పక్క వీధిలో ఎవరింటి ముందో కూర్చునేది. అక్క ఏదో చెప్పబోయేది, నాలుగు మాటలయ్యాక గొంతు ఎటో పోయేది, చంటి ఏనుగు సావిడి మూల నిద్రపోయేది. జూన్ వస్తే అక్క హాస్టల్‌కి వెళ్ళిపోతుంది, నాగమణిని కూడా వాళ్ళ మేనమామ కాకినాడలో బళ్ళో వేస్తాడట. ఎనిమిది రోజులు అలా గడిచాయి. అన్నం సయించేది కాదు. ఒక్క మాట అనుంటే పోయేది కదా అని నన్ను నేను తిట్టుకోని పూట లేదు.

తొమ్మిదో రోజు తాతయ్య మగ్గం కింద తెగిన ఎర్రదారం చూసి, ఎవరు తెంపారని అడిగాడు. అక్క తనేనంది. మొత్తం కథ చెప్పించుకున్నాడు. కోప్పడతాడనుకున్నాం. కోప్పడలేదు.

"డిజైను గీసినోడు మగ్గం దగ్గరికి పోవాలి గానీ, మగ్గం మన దగ్గరికి రాదే అమ్మా. ఆ పిల్ల మగ్గం ఎక్కడుందో అక్కడికి పో" అన్నాడు.

మర్నాడు సత్తెమ్మని బతిమాలుకుని అక్కా నేనూ గిలకలదిండి వెళ్ళాం. కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో మూడు మునకలేసి తడిబట్టలతో తిరిగి రావడమే మా ఇంట్లోవాళ్ళకి సముద్రమంటే. ఇది వేరు. ఏటి పొడుగునా పడవలు, ఆరేసిన వలలు, ఎండుచేపల ఘాటు, కాకులు. నాగమణి గట్టు మీద ఉంది. మమ్మల్ని చూసి పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. పక్కన కాస్త చోటు మాత్రం వదిలింది. అక్క కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

నీళ్ళు లోపలికి వస్తున్నాయి. ఒక కొబ్బరి డొప్ప సముద్రం వైపు నుంచి ఊరి వైపుకి కొట్టుకొస్తోంది. కట్టేసిన పడవలన్నీ మూతులు మొగ వైపు పెట్టి, తాళ్ళు బిగదీసుకుని ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. జాలర్లు గట్టు మీద కూర్చుని బీడీలు కాల్చుకుంటున్నారు, ఎవరికీ తొందర లేదు. అలా ఎంతసేపు కూర్చున్నామో, నెత్తి మాడిపోయింది. అప్పుడు ఆ డొప్ప నెమ్మదించింది. ఆగింది. నడి ఏట్లో, ఏ వైపూ పోకుండా, అలా నిలబడిపోయింది. ఏరంతా నిలబడిపోయింది. కాసేపటికి డొప్ప, ఎవరూ తోయకుండానే, వచ్చిన దారినే వెనక్కి బయల్దేరింది. పడవలు ఒకదాని తర్వాత ఒకటి, మెల్లగా, మొత్తం వరసకి వరస ఊరి వైపు తిరిగాయి. ఎవరూ కేకెయ్యలేదు. గట్టు మీది మనుషులు బీడీలు పారేసి లేచారు.

అక్క ఏడుస్తోంది. భయమేసి చెయ్యి పట్టుకున్నాను.

"నెల రోజులు సముద్రం చెప్పానే. ఒక్క పూట కూర్చుని చూళ్ళేదు" అంది. నాగమణి వైపు తిరిగింది. "తప్పు నాదే. నీ మనిషిని నేను నడపకూడదు. నీ పడవ మునగలేదు. మళ్ళీ మొదలెడదాం."

నాగమణి తల అడ్డంగా ఊపింది.

"వద్దక్కా. మునిగింది మునిగిందే. నువ్వు చెప్పిందాంట్లో తప్పొకటే, నేనెందుకెళ్ళానో చెప్పలేదు. నన్ను చెప్పనీ."

చెప్పింది. అక్కలా ఆగుతూ కాదు, గబగబా, చేపల రేటు చెప్పినట్టు. పోటు మీద మొగ దాటితే చస్తారని ఆ పడవ మనిషికి తెలుసట. పాటు వచ్చిందాకా ఆగితే దీవిలో పద్మని చంపేస్తారని కూడా తెలుసట. అందుకని బయల్దేరిందట. "పడవ మునిగింది గానీ, గట్టున కట్టిన తాడు కొస ముందే దీవికి విసిరేశా. అది పట్టుకుని పద్మ వచ్చేసింది" అంది, నావైపు చూడకుండా. ఆ పిల్ల తరఫున ఒక్క మాట అనలేకపోయిన నన్ను, చచ్చి మరీ ఒడ్డుకి చేర్చింది. గట్టు మీద ఆ ఎండలో నా ఒళ్ళంతా జలదరించింది. అక్క రెండు చేతులూ జోడించి "ఇంక నువ్వే మాస్టరు" అంది. ఆ మిగిలిన పది రోజులూ ఆట నాగమణే నడిపింది, అక్క ఒక వంటమనిషిగా పుట్టి బుద్ధిగా ఆడింది.

ఇప్పుడు మా సావిడిలో మగ్గాల్లేవు. గుంటలు పూడ్చి పైన బండలు పరిచారు, సిమెంటు బస్తాలు పెట్టుకునే వాళ్ళకి అద్దెకిచ్చారు. వీధిలో పడుగులు సాగదీసేవాళ్ళు లేరు, పిల్లల తోలు తీస్తాననే తాతయ్యా లేడు. సరోజక్క కథ చెప్పడం ఎప్పుడో మానేసింది, అడిగితే నవ్వి ఊరుకుంటుంది. మేముండేది గుణదలలో. మా అమ్మాయి ఆదివారాలు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కాఫీ షాపులో స్నేహితులతో ఇదే ఆట ఆడుతుంది. ఇరవై ముఖాల పాచికలు, రంగుల పుస్తకాలు, అన్నీ ఉన్నాయి. మొన్న ఆదివారం విసురుగా వచ్చి చెప్పులు మూలకి విసిరేసింది. "నా క్యారెక్టర్‌ని ఆ మాస్టరే నడిపించేస్తున్నాడమ్మా. అందరికీ తెలుసు తప్పని. ఒక్కళ్ళూ నోరు మెదపలేదు" అంది.

లోపలికి వెళ్ళి నాగమణికి ఫోన్ చేశాను. కాకినాడలో చేపల ఎగుమతి వ్యాపారంలో ఉంది, ఏడాదికి ఒకటి రెండుసార్లు మాట్లాడుకుంటాం, పిల్లల చదువులూ షుగరూ బీపీలూ తప్ప వేరే మాట రాదు. ఈసారి ఎత్తగానే అనేశాను, "ఆ రోజు సావిడిలో నువ్వన్నదే రైటు. నాకు తెలిసీ నోరు విప్పలేదు."

అవతల ఐసు గడ్డలు పగలగొడుతున్న చప్పుడు. ఏ రోజని అడగలేదు.

"తెలుసులే. నీ మొహం చూశాగా" అంది.

"తెలిసీ పోటు మీద నాకోసం ఎందుకెళ్ళావే మరి?"

"ఆట ఆగిపోద్దని నువ్వెంత బెంగెట్టుకున్నావో నాకు తెలీదా? ఎవరో ఒకళ్ళం మునగాలిగా" అని నవ్వి, పాటు మొదలైంది, పడవలు బయల్దేరుతున్నాయంటూ ఫోన్ పెట్టేసింది.