అమ్మ పేరే పూచీకత్తు

ముప్పై ఒక్క ఏళ్లు నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బ్యాంకులో అప్పుల సెక్షన్లో పనిచేశాను. ఇద్దరు జామీనుదారులు లేకుండా నా బల్ల మీంచి ఒక్క కాగితం కదల్లేదు. వచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా, ఎంత తియ్యగా మాట్లాడినా, జీతం చీటీ తేకపోతే మళ్లీ రమ్మని పంపేసేదాన్ని. నా వెనకాల నన్ను ఏమని పిలిచేవారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. అలాంటి నేను రిటైరైన మరుసటి ఏడాది నా పేరున ఉన్న పడవని వాయిదాల మీద అమ్మాను. దానికి జామీను మా అమ్మ. అప్పటికి ఆవిడ పోయి పదకొండేళ్లు.

మాది బందరు అవతల సముద్రం ఒడ్డు ఊరు. వేట మీద బతికే ఇల్లు. నేను చదువుకుని బెజవాడ చేరాను, తమ్ముడు పడవెక్కాడు. వాడికి ఎక్కడా అప్పు పుట్టకపోతే నా పీఎఫ్‌లోంచి తీసి ఫైబర్ పడవా ఇంజనూ కొన్నాను. కాగితాలు నా పేరున, కష్టం వాడిది. పడవ ముక్కు మీద పసుపు రంగుతో అమ్మ పేరు రాయించాం. ఏటా ఎండాకాలంలో వేట నిషేధం పెట్టిన రెండు నెలలూ వాడు పడవని ఒడ్డుకి లాగించి, పాత రంగు గోకి, కొత్త నీలం రంగు కొట్టేవాడు. అమ్మ పేరు రాయడానికి మాత్రం బందరు నుంచి పెయింటరు రావాల్సిందే. తమ్ముడి అక్షరాలు అమ్మే చదవలేకపోయేది.

పద్నాలుగేళ్లయ్యాక వాడి కుడి భుజం పోయింది. వల లాగడం కాదు కదా, చొక్కా తొడుక్కోవడమే కష్టమైంది. మా తమ్ముడు జన్మలో నన్ను ఏదీ నోరు తెరిచి అడిగినవాడు కాదు. మొదటిసారి అడిగాడు. పామర్రులో ఒకాయన దగ్గర పాత ట్రాలీ ఆటో ఉందట, పడవ అమ్మేసి అది కొనుక్కుంటే ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని ఆ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి అమ్ముకుంటాడట. ఎడమ చేత్తో కూడా త్రాసు పట్టుకోవచ్చు కదక్కా అన్నాడు. అమ్మేద్దాం అన్నాను.

నగదుకే కొంటానని గుంటూరు వైపు నుంచి ఒకాయన వచ్చాడు. డబ్బంతా ఒక్కసారే ఇస్తానన్నాడు, మేం చెప్పిన దానికి ముప్పై వేలు తక్కువ. నేను ఒప్పుకోలేదు. బ్యాంకు మనిషిని కదా, ముప్పై వేలు ఊరికే ఎందుకు వదులుకుంటాను? నా తెలివి అంతటిది.

తరవాత వచ్చినవాడు మా తమ్ముడి పడవ మీదే ఆరేళ్లు కళాసీగా చేసినవాడు. అరటిపళ్లు, వాటి మీద మంగళగిరి చీర పెట్టి పళ్లెం నా చేతికిచ్చి, వంగి దణ్ణం పెట్టాడు. నాలుగున్నర లక్షలు, చెప్పిన ధర. లక్ష ఇప్పుడు, మిగతాది వాయిదాల మీద. ఊరి పెద్దలు ఇద్దరు సాక్షులుగా కూర్చున్నారు. నేను కళ్లజోడు పెట్టుకుని, నెలకు ఎంత, ఏ తారీకున అని అడిగాను.

"సముద్రానికి తారీకులుండవండి అక్కగారూ. ఏట పడ్డప్పుడల్లా తెచ్చి మీ సేతుల్లో పెడతానండి" అన్నాడు.

పెద్దలిద్దరూ అంతే కదా అన్నట్టు తలలూపారు. సముద్రం సంగతి తెలియని బెజవాడ దాన్ని నేనొక్కదాన్నే అయిపోయాను. సరే, జామీను ఎవరు అన్నాను. వాడు లేచి తిన్నగా పడవ దగ్గరికి నడిచాడు. ముక్కు మీద అమ్మ పేరుని అరచేత్తో ముట్టుకుని, బాకీ తీరకముందే ఈ పేరు చెరిపితే గంగమ్మ నన్ను ఒడ్డుకి చేర్చదు అన్నాడు. పెద్దల్లో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ తుడుచుకున్నాను. మా వాళ్లలో పడవ మీద రాసిన పేరంటే పడవ ఎవరిదో చెప్పే పేరు. ఆ పేరు ఉన్నంతకాలం పడవ మాదేనని అక్కడున్న వాళ్లంతా నమ్మారు, నేను కూడా.

కాగితం నేనే రాశాను, నా సొంత దస్తూరీతో. బాకీ పూర్తిగా తీరిన రోజున మాత్రమే పడవ మీది పేరు చెరపవలెను అని రాసి, కింద గీత కూడా గీశాను. అందులో వాయిదా ఎంతో లేదు, తారీకు లేదు, కట్టకపోతే ఏం చెయ్యాలో లేదు. ఇలాంటి కాగితం ఎవరైనా నా బల్ల మీద పెట్టి ఉంటే మడిచి వాడి జేబులోనే పెట్టి పంపేదాన్ని. డీజిలు రాయితీ రావాలంటే రిజిస్ట్రేషను తన పేరున ఉండాలి అంటే, దానికీ సంతకం పెట్టాను. అమ్మ పేరు ఉంది కదా, ఇంక భయమేమిటి.

వచ్చిన లక్షలో సగం తమ్ముడి భుజానికి పోయింది, సగం పామర్రు ఆయనకు బయానా ఇచ్చాం. నాలుగుసార్లు ఫోను చేస్తే మొదటి నెల పదిహేను వేలు వచ్చింది. తరవాత మళ్లీ అడిగితే పదివేలు. ఆ తరవాత చేపలు రావడం మొదలైంది. ఆదివారం పొద్దున్నే బందరు బస్సులో ఎవరో ఒకరు సంచి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవారు. ఒక వారం చందువాలు, ఒక వారం టైగరు రొయ్యలు. డబ్బు ఊసెత్తుదామని ఫోను చేస్తే, చేపలు బాగున్నాయా అక్కగారూ, మీకోసమని ఏరి పంపాను అనేవాడు. నోట్లో పులుసు పెట్టుకుని మనిషిని ఎలా తిడతాం? బాగున్నాయి బాబూ అనేదాన్ని. మూడు లక్షల పాతికవేల బాకీని ముళ్లతో సహా నమిలి మింగాను.

ఆ చేపలు కూడా ఆగిపోయాక ఫోను ఎత్తడం మానేశాడు. నేను ఊరికి వెళ్లాను. పడవ రేవులో ఉంది, అమ్మ పేరు పచ్చగా మెరుస్తూ ఉంది. ఎదురొచ్చిన ఆడవాళ్లు మీ పడవే కదమ్మా, ఎక్కడికి పోతుంది అన్నారు. నిజమే, పడవ ఎక్కడికీ పోలేదు. నాకు అంతటితో ధైర్యం వచ్చి బస్సెక్కి ఇంటికొచ్చేశాను. నా అంత వెర్రిది ఆ బస్సులో ఇంకొకరు ఉండి ఉండరు.

పామర్రు ఆయన ఎనిమిది నెలలు ఆగాడు, పాపం మంచివాడే. ఆ తరవాత ట్రాలీని ఎవరికో కోళ్ల మేత మోసుకోవడానికి ఇచ్చేశాడు. గడువు దాటింది కాబట్టి బయానా తిరిగి రాలేదు. తమ్ముడు మర్నాటి నుంచే రొయ్యల షెడ్డులో కూలికి చేరాడు. వాడు నన్ను ఏదైనా అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

మళ్లీ వేట నిషేధం వచ్చింది. ఆ రోజుల్లోనే ఊరి నుంచి ఒకావిడ ఫోను చేసి, మొత్తానికి మీ డబ్బు ముట్టిందన్నమాట, సంతోషమమ్మా అంది. నాకేమీ అర్థం కాలేదు. పడవ మీద పేరు లేదుగా అంది. మర్నాడు పొద్దున్నే బయల్దేరి వెళ్లాను. ఒడ్డున పడవ బోర్లించి ఉంది. ముక్కు నుంచి వెనక దాకా ఒకటే నీలం రంగు.

నేరుగా సాక్షి పెద్దల దగ్గరికి వెళ్లాను. అప్పుడు కళ్లు తుడుచుకున్నాయన అరుగు మీద కూర్చుని నా కాగితమే నాకు చదివి వినిపించాడు.

"బాకీ తీరిన నాడే పేరు సెరపాలని మీరే రాశారు గదమ్మా. పేరు సెరిగింది. అంటే బాకీ తీరినట్టే గదా?"

రెండో ఆయన, చేపల లెక్క కూడా ఉంటుంది కదా మరి అన్నాడు. గంగమ్మ మీద ఒట్టేసినవాడు ఇన్నిసార్లు సముద్రంలోకి వెళ్లి క్షేమంగా వస్తున్నాడంటే వాడి మనసులో కల్మషం ఉండదని కూడా చెప్పారు. ఇదీ వాళ్ల న్యాయం. బెజవాడలో వకీలుకి కాగితం చూపించాను. ఆయన కింద గీత ఉన్న వాక్యం రెండుసార్లు చదివి, ఇది ఎవరు రాశారండీ అని అడిగాడు. మా బంధువు ఎవరో అని చెప్పాను. సాక్షులిద్దరూ అటువైపు మాట్లాడుతుంటే ఏళ్లు పడుతుంది, ఖర్చు మీ బాకీని దాటుతుంది అని తేల్చేశాడు. ఆ కళాసీని మెచ్చుకోవాలి. నేను రాసిచ్చిన పూచీకత్తునే రసీదు చేసుకున్నాడు. కావలసిందల్లా ఒక డబ్బా రంగు.

తమ్ముడికి ఈ మాట ఫోనులో చెప్పబుద్ధి కాలేదు. మళ్లీ ఊరెళ్లాను. మిట్టమధ్యాహ్నం, రొయ్యల షెడ్డులో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఎడమ చేత్తో రొయ్యలు ఏరుతున్నాడు. బయటికి పిలిచి జరిగిందంతా చెప్పాను. ఆ కళాసీని, పెద్దల్ని, వకీలుని నా నోటికొచ్చినట్టు తిట్టాను.

"పేరు సెరిపింది నేనేనక్కా" అన్నాడు తమ్ముడు. "ఆడొచ్చి, పెచ్చులూడిపోయింది, అమ్మ పేరు అలా ఉంటే బాగోదు, మొత్తం రంగు కొట్టన్నా, పేరు మళ్లీ పెయింటరు సేత రాయిస్తానన్నాడు. ఏటా కొట్టేదే గదా అని కొట్టాను. నాలుగు రోజులు పట్టింది, ఈ సేత్తో."

పెయింటరు రాలేదు. తమ్ముణ్ణి ఏమనను? ముప్పై ఒక్క ఏళ్లు కాగితాలు చదివిన నాకే తెలియనిది వాడికెలా తెలుస్తుంది? ఎంత ఇచ్చాడు అని మాత్రం అడిగాను. రెండు వేలు అన్నాడు. చెయ్యి తుడుచుకుని, చొక్కా జేబులోంచి మడత పెట్టిన నోట్లు తీశాడు. నేను వస్తే ఇవ్వాలని విడిగా దాచాడట.

"పడవ నీది గదక్కా. వెయ్యి నీ వాటా" అన్నాడు.

వద్దంటే ఎందుకని అడుగుతాడు. తీసుకున్నాను. ఆ పడవ మీద అడక్కుండా నా చేతికొచ్చిన వాయిదా అదొక్కటే.