బెల్లంపల్లి ప్రయాణంలో నేను దాచిన బిళ్ళలు

పుష్యమాసంలో ఏడు రోజులపాటు పురాణం చెప్పడానికి రమ్మని బెల్లంపల్లి నుంచి నా మేనకోడలు సుభద్ర ఉత్తరం రాసింది. ఆమె భర్త నరహరి అక్కడి బొగ్గుగనుల కార్యాలయంలో గుమాస్తా. గని కార్మికుల భజన మండలి వారు నా కోసం తమ షిఫ్టులు సర్దుకొని, సాయంకాలం ఐదు గంటల నుంచి ఏడింటి వరకు తీరిక చేసుకున్నారట. నలభై ఏళ్ళుగా పురాణం చెప్పుకొని బతుకుతున్నవాణ్ణి, అటువంటి శ్రోతలను వదులుకోలేను. తీరా ప్రయాణం నాటి వేకువకు నా ముక్కు దిబ్బడేసింది, గొంతు పూడుకుపోయింది, ఒళ్ళు వెచ్చబడింది. అయినా బయలుదేరాను.

కరీంనగర్ నుంచి వెళ్ళదలచినవారు ఉదయం ఎనిమిది గంటల బస్సు పట్టుకోవడం మేలు. పెద్దపల్లికి రూపాయి పది నయాపైసలు తీసుకుంటారు. పది దాటేసరికి అక్కడ దిగితే పన్నెండు గంటల ప్యాసింజరు అనాయాసంగా అందుతుంది. ఆ రోజు కిటికీకి తలుపు లేని సీటు నాకు దక్కింది. మంచుగాలి సూటిగా చెవుల్లోకి కొడుతుంటే తుమ్ములు ఒకదాని వెంట ఒకటి తరుముకొచ్చాయి. సుల్తానాబాద్‌లో బస్సు పది నిమిషాలు ఆగినప్పుడు కండక్టరు నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దయ్యా, మీ తుమ్ములకు నా టికెట్లు ఎగిరిపోతున్నయి. గా దుకాణంల జలుబు బిళ్ళలు దొరుకుతయి, రెండు ఏసుకోండ్రి."

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇంగ్లీషు మందు నా నాలుక మీద పడలేదని ఊరూరా సభల్లో చెప్పుకున్నవాణ్ణి నేను. పురాణం నడిచే రోజుల్లో నియమం ఇంకా కఠినం. మడితో వండినది మధ్యాహ్నం ఒక్క పూట భోజనం, తక్కిన వేళల్లో పాలో కషాయమో తప్ప మరేదీ ముట్టను. కాని గొంతు లేని పౌరాణికుడు ఎందుకు పనికివస్తాడు? చుట్టూ చూసి, తెలిసినవారెవరూ లేరని నిశ్చయించుకొని దుకాణం ముందు నిలబడ్డాను.

"రెండు ఒక్కపారే మింగుండ్రి, పొద్దుమీకినంక ఇంకో రెండు," అన్నాడు దుకాణదారు ఎర్రకాగితపు పొట్లం అందిస్తూ. "ఫికర్ చెయ్యకుండ్రి, గీడ అందరు గివ్వే మింగుతరు."

కడుపులో ఏమైనా ఉన్నదా అని అతడు అడగలేదు. ఎన్నో ఏళ్ళుగా కడుపుమంటతో బాధపడుతున్నానని నేనూ చెప్పలేదు. ఇరవై బిళ్ళలు కొని, బస్సు చాటున రెండు మింగి, తక్కినవి పురాణ గ్రంథాన్ని చుట్టిన పట్టుగుడ్డ మడతలో దాచాను. నా అనుమతి లేకుండా ఎవరూ ఆ మూట విప్పరు. అంతకంటే భద్రమైన చోటు నాకు తోచలేదు.

పెద్దపల్లిలో మూడో తరగతి పెట్టె ఎక్కాను. రైలు గోదావరి వంతెన దాటుతున్నప్పుడు ఆడవాళ్ళు కిటికీల్లోంచి చిల్లర విసిరి దండం పెట్టుకున్నారు. నా తలబరువు అప్పటికే సగం దిగింది. మంచిర్యాల దాటాక ముక్కు తెరుచుకుంది. మధ్యాహ్నం మూడు కాకమునుపే బెల్లంపల్లి స్టేషనులో దిగి, అర్ధరూపాయికి రిక్షా మాట్లాడుకొని గుమాస్తాల క్వార్టర్లు చేరాను. ఆ ఊరికి వెళ్ళేవారు తెల్లని ధోవతులు రెండు అదనంగా పెట్టుకోవాలి. బొగ్గుపొడి ఒక్క పూటలో వాటి రంగు మారుస్తుంది.

సుభద్ర గుమ్మంలోనే నా గొంతు విని ఉలిక్కిపడింది. "ఏంది మామయ్యా, గొంతు గిట్ల పోయింది? రేపటికెల్లి పురాణం ఎట్ల చెప్తరు?"

"శొంఠి, మిరియాలు వేసి కషాయం పెట్టు తల్లీ. అదే చూసుకుంటుంది."

"ఒక్క బిళ్ళ ఏసుకుంటే..."

"ఆ మాట నా దగ్గర అనకు."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. బెల్లం దండిగా వేసిన కషాయం రోజుకు మూడుసార్లు ఇచ్చింది. ఉదయమూ సాయంకాలమూ నేను ఎవరూ చూడకుండా మూట విప్పి రెండేసి బిళ్ళలు మింగాను. మొదటి రోజు పురాణానికి నా గొంతు గంటలా పలికింది. "చూశావా అమ్మా, శొంఠి మహిమ!" అన్నాను గర్వంగా. సుభద్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "అవు మామయ్యా, శొంఠి మహిమనే," అన్నది.

మూడో రోజు మధ్యాహ్నం జపానికి కూర్చున్నప్పుడు నా రెండు చెవుల్లోనూ సన్నని ధ్వని మొదలైంది. మొదట తుమ్మెద రొదలా ఉండి, తరువాత తీగ మీటినట్టు సాగింది. చెవులు మూసుకుంటే ఇంకా స్పష్టంగా వినిపించింది. ఎవరూ మీటకుండా లోపల మ్రోగే నాదం గురించి నేను నలభై ఏళ్ళుగా ఇతరులకు వివరిస్తున్నాను. ఒక్కనాడూ విన్న పాపాన పోలేదు. నా కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ సాయంకాలం సభలో, దాచుకోలేక, ఆ నాదం నాకు వినిపించిందని చెప్పేశాను. కొందరు లేచి దండం పెట్టారు.

పురాణం ముగిశాక నలభై ఏళ్ళ కార్మికుడొకడు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఎంత కడుక్కున్నా అతని కనురెప్పల అంచుల్లో బొగ్గు నల్లగా నిలిచే ఉంది. పేరు ఓదెలు.

"అయ్యగారు, నాకు గూడ మోగుతది. ఏడాది సంది. గనిల పేలుళ్లకనుకున్న. జలుబు జేసినప్పుడు తలనొప్పి పొడి ఏసుకొని దిగుత, గప్పుడు ఇంకా జోరుగ ఇనవడ్తది. గది దేవుడేనా?"

"దైవకృపకు కారణాలు వెతకరాదు నాయనా. నువ్వు పుణ్యాత్ముడివి," అన్నాను.

ఓదెలు నా పాదాల మీద తల ఆనించి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు ఉదయం పూజ మధ్యలో కడుపులో నిప్పు రాజుకున్నట్టయింది. పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. అది కాఫీగసిలా నల్లగా ఉంది. నరహరి వీధి చివరి డిస్పెన్సరీకి పోయి కాంపౌండరు దేవదాసును వెంటబెట్టుకొచ్చాడు. దేవదాసు నా నాడి పట్టుకొని అడిగాడు.

"ఏం మందులు ఏసుకున్నరు అయ్యగారు?"

"మందులా? కషాయం తప్ప ఏమీ లేదు."

"చెవులు మోగుతున్నయా?"

నేను నిర్ఘాంతపోయాను. నా అంతరంగానుభవం ఇతనికెలా తెలిసింది? "మోగుతున్నాయి. అయితే అది వేరు."

"వేరేం గాదు. నొప్పుల బిళ్ళలు ఎక్కువైతే చెవులు మోగుతయి. కడుపుల నెత్తురు గూడ కారుతది. జర నిజం చెప్పుండ్రి, డాక్టరు సాబు అడుగుతే నేనేం చెప్పాలె?"

ఆ మాటకు సుభద్ర గోడకు జారగిలబడి ఏడ్వసాగింది. "నేనే జేసిన! మామయ్య బిళ్ళలు ముట్టరని కషాయంల తలనొప్పి పొడి కలిపిన. మూడు పూటలు. బెల్లం ఎక్కువేస్తే తెల్వదనుకున్న."

దేవదాసు తల అడ్డంగా ఊపాడు. "రోజుకు మూడు పొడులకే గింత కావద్దమ్మా. ఇంకేదో ఉన్నది."

ఆ క్షణంలో నేను నోరు మూసుకొని ఉంటే నింద అంతా నా సోదరి కూతురి మీద పడేది. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పలేను. ఆమె వెక్కిళ్ళు విన్నాక మాత్రం గ్రంథం మూట తెమ్మని నరహరితో చెప్పాను. అతడు విప్పగానే ఎర్రకాగితపు పొట్లం నేల మీద పడింది. ఇరవైలో నాలుగే మిగిలాయి. సుభద్ర ఏడుపు ఆపి నావైపు చూసింది. ఆ చూపును తట్టుకోవడం నాకు వాంతికంటే కష్టమైంది.

దేవదాసు నా పొట్లాన్నీ ఆమె తెచ్చిన పొడి కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చిన్న అక్షరాలు చదివాడు. రెండింటి మీదా ఆస్పిరిన్ అనే ఉంది.

"అయ్యగారు, వెయ్యి పేర్ల దేవుని సంగతి మీకు చర్చికి పోయెటోణ్ణి నేను చెప్పాల్నా? పేరు మారితే లోపల ఉన్నది మారదు. మీరు జలుబుకనుకొన్నరు, ఈ అమ్మ తలనొప్పికనుకొన్నది. మందు ఒక్కటే, పడ్డది రెండింతలు. అది గూడ ఒక్కపొద్దు కడుపుల."

గనుల ఆసుపత్రిలో మూడు రోజులు ఉన్నాను. కడుపులో పాత పుండు ఉన్నదనీ, ఇంకో రెండు రోజులు అలాగే మింగి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదనీ డాక్టరు తేల్చాడు. రెండో రోజు సాయంకాలానికి చెవుల్లో నాదం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నాకు ఓదెలు జ్ఞాపకం వచ్చాడు. నేను చెప్పిన మాటను నెత్తిన పెట్టుకొని అతడు గనిలోకి దిగుతున్నాడు. వెళ్ళి చెప్పిరమ్మని దేవదాసును బతిమాలాను.

"నేను చెప్తే ఇంటడా? మీరు దేవుడన్నరు, నేను మందంటే నన్నే కొట్టవస్తడు. మీరు మాట్లాడినది మీరే వాపస్ తీసుకోవాలె."

ఆసుపత్రి నుంచి విడుదలైన రోజున ఇంటికి పోకుండా రిక్షాను గని మొగదలకు పోనిమ్మన్నాను. మొదటి షిఫ్టువారు పైకి వచ్చే వేళ అది. దీపం చేతబట్టుకొని వస్తున్న ఓదెలు నన్ను చూసి వంగబోయాడు. నేను అతని భుజాలు పట్టుకొని ఆపాను.

"ఆ మోత దేవుడు కాదు ఓదెలూ. నేను మింగిన బిళ్ళలది. తెలియక నీకు తప్పు చెప్పాను. మందు మానేశాను, మోత ఆగిపోయింది."

అతడు చేతిలోని దీపం నేల మీద పెట్టాడు. తరువాత, "ఆగినంక మీకు మంచిగున్నదా అయ్యగారు?" అని అడిగాడు.

"ఉన్నది."

"నా పెండ్లాం ఏడాది సంది మొత్తుకుంటుంది, దవాఖానకు పొమ్మని. మీరు దేవుడన్నంక, జోరుగ ఇనవడాల్నని రోజుకు ఇంకో రెండు పొడులు ఎక్కువేసుకుంటున్న."

నడుము మడతలోంచి పొడి పొట్లాలు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఆరు ఉన్నాయి. ఇద్దరం అదే రిక్షాలో దేవదాసు దగ్గరికి వెళ్ళాం.

నేను తిరిగి వచ్చాక సుభద్ర ఉత్తరం రాసింది. పొడులు మానాక ఓదెలు చెవుల్లో మోత సగం తగ్గిందట, మిగిలిన సగం గని పేలుళ్ళదేనని డాక్టరు అన్నాడట. ఆ ఏడు రోజుల పురాణంలో నేను మూడు రోజులే చెప్పగలిగాను. అయితే గని మొగదల ఓదెలుతో అన్న నాలుగు మాటలకు ఆ మూడు రోజుల ప్రసంగం సాటిరాదని నాకు తెలుసు. నియమం నన్ను కాపాడుతుందని నమ్మాను. చివరికి నేను కాపాడుకున్నది నియమాన్ని కాదు, నియమవంతుడనే పేరును. ఆ పేరు కోసం నేను నా మందు దాచాను. ఆ పేరుకు భయపడే సుభద్ర తన మందు దాచింది. ఇద్దరి ప్రేమలోనూ లోపం లేదు, కాని ఒకరికొకరు చెప్పుకోకపోవడంతో ఆ ప్రేమ నా కడుపులో విషమైంది. అంతర్నాదం నాకు ఇంకా వినిపించలేదు. ఎప్పుడైనా వినిపిస్తే మొదట ఆ రోజు ఏం మింగానో లెక్క చూసుకుంటాను.

చలికాలంలో దూరప్రయాణం చేసేవారికి ఒక్క మాట. దుకాణంలో జలుబుకో నొప్పికో ఏది కొన్నా, పొట్లం మీది పేరుతో ఊరుకోకుండా లోపలి మందు పేరు ఒక చీటీ మీద రాయించుకోండి. ఎన్నిసార్లు వేసుకున్నారో దాని కిందే రాసి, చీటీని పైజేబులో ఉంచుకొని, దిగిన ఇంటివారికి గుమ్మంలోనే చూపండి.